ఏపీకే ఫైలు మీద ఎవరి సంతకం?

సభకు నమస్కారం.

ఈ గ్రంథాలయ నిర్వాహకులు నన్ను పిలిచినప్పుడు, "ప్లే స్టోర్ బయటి నుంచి యాప్‌లు వేసుకోవచ్చా, వేసుకోకూడదా, ఒక్క మాటలో చెప్పండి చాలు" అన్నారు. ఒక్క మాటలో తేలేదైతే మీ ఆదివారం సాయంత్రాన్ని నేను పాడుచేయవలసిన అవసరం ఉండేది కాదు. వేసుకోవచ్చు, నేను పదేళ్ళకు పైగా వేసుకుంటున్నాను. అయితే ఎక్కడి నుంచి తెచ్చామన్న ప్రశ్న ఒక్కదానితోనే మనవాళ్ళు ఆగిపోతున్నారు. నా దృష్టిలో అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న, ఏపీకే అనే ఆ యాప్ ఫైలు మీద ఎవరి సంతకం ఉన్నదని. ఆ సంతకం అంటే ఏమిటో తెలిస్తే మిగిలిన జాగ్రత్తలు చాలావరకు వాటంతటవే అర్థమవుతాయి.

ముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. నిరుడు మా బాబాయికి వాట్సాప్‌లో ఒక సందేశం వచ్చింది. మీ బండి మీద చలానా ఉంది, వివరాలకు ఈ ఫైలు తెరవండి అని. పంపింది ఎవరో అపరిచితుడు కాదు, ఆయనతో కలిసి ఉద్యోగం చేసి రిటైరైన మిత్రుడే. తన ఫోన్ అప్పటికే మోసగాళ్ళ అదుపులోకి వెళ్ళిపోయిందన్న సంగతి ఆ మిత్రుడికి కూడా తెలియదు. ఫైలు పేరులో ఆర్‌టీఓ చలానా అని ఉంది, చివర ఏపీకే అని ఉంది. బాబాయి నొక్కారు. ఇది తెలియని చోటి నుంచి వచ్చిన యాప్ అని ఫోన్ హెచ్చరించింది. ఆయన సెట్టింగ్స్‌లోకి వెళ్ళి అనుమతి ఇచ్చారు. యాప్ తెరుచుకోగానే మెసేజ్‌లు చదివే అనుమతి అడిగింది, అదీ ఇచ్చారు. ఆ రాత్రి రెండు విడతలుగా ఖాతాలోంచి డబ్బు పోయింది. బ్యాంకు పంపిన ఓటీపీలు ఆయన కంటపడే లోపే ఆ యాప్ వాటిని ఎవరికో చేరవేసింది.

"ఫోన్ హెచ్చరించింది కదా బాబాయ్" అని నేను అంటే ఆయన చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తుంది. "నువ్వు నాకు తెలుగు కీబోర్డు వేసిచ్చిన రోజు కూడా ఫోన్ సరిగ్గా ఇదే మాట చెప్పింది కదరా, అప్పుడు పరవాలేదు నొక్కమన్నావు" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ హెచ్చరిక మంచి యాప్‌కూ దొంగ యాప్‌కూ ఒకే మాట చెబుతుంది. తేడా ఎక్కడుందో చెప్పదు. ఈ ప్రసంగం ఒక రకంగా ఆయనకు నేను అప్పుడు చెప్పలేకపోయిన జవాబు.

ఏపీకే అంటే ఒక మూట. జిప్ ఫైలులాగే అందులో యాప్ కోడు, బొమ్మలు, అది అడగబోయే అనుమతుల జాబితా ఉంటాయి. ఆ మూట మీద తయారుచేసినవారి డిజిటల్ సంతకం ఉంటుంది. సంతకం లేని యాప్‌ను ఆండ్రాయిడ్ అసలు లోపలికి రానివ్వదు. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆ సంతకం ఎవరిదైనా ఆండ్రాయిడ్‌కు అభ్యంతరం లేదు. నేను ఇంట్లో కూర్చుని అయిదు నిమిషాల్లో సంతకానికి వాడే ఒక డిజిటల్ తాళంచెవి తయారుచేసుకుని, దానితో సంతకం చేసిన యాప్‌కు ఏ ప్రభుత్వ శాఖ పేరైనా, ఏ చిహ్నమైనా పెట్టవచ్చు. ఫోన్ చూసేదల్లా మూట కట్టిన తరువాత ఎవరూ దాన్ని విప్పలేదు కదా అని మాత్రమే. పాత రోజుల్లో ఉత్తరం మీద లక్క ముద్ర వేసేవారు. ముద్ర చెదరలేదంటే దారిలో ఎవరూ తెరవలేదని అర్థం, అంతేగాని రాసినవాడు పెద్దమనిషి అని అర్థం కాదు.

ఆ సంతకం అసలు విలువ రెండోసారి తెలుస్తుంది. ఒక యాప్ ఫోన్‌లో ఉండగా అదే యాప్ కొత్త వెర్షన్ వస్తే, రెండింటి మీదా ఒకే తాళంచెవితో చేసిన సంతకం ఉందా అని ఆండ్రాయిడ్ పోల్చి చూస్తుంది. తేడా ఉంటే అప్‌డేట్‌ను తిరస్కరిస్తుంది. అంటే మొదటిసారి అసలైన యాప్‌ను వేసుకోగలిగితే, ఆ తరువాత వచ్చే ప్రతి వెర్షన్‌నూ మన తరఫున ఫోనే కాపలా కాస్తుంది. మొదటిసారే నకిలీని వేసుకుంటే, అదే కాపలా ఆ నకిలీకి పనికివస్తుంది. అందుకే నేను మొదటి ఇన్‌స్టాలేషన్ దగ్గర అంత పట్టుదలగా ఉంటాను.

మన ఊళ్ళలో జీబీ వాట్సాప్ వాడేవాళ్ళు కొల్లలుగా ఉన్నారు. ఈ హాల్లో కూడా ఉండే ఉంటారు, చేతులెత్తమని అడగను. ఇలాంటి మార్పుచేసిన వాట్సాప్‌లలో కొన్నింటిని వేసుకోవాలంటే ముందు అసలు వాట్సాప్‌ను తీసేయమంటారు. ఎందుకో ఎప్పుడైనా ఆలోచించారా? సంతకాలు కలవవు కాబట్టి. పాతది ఉన్నంతవరకు ఆండ్రాయిడ్ కొత్తదాన్ని ఒప్పుకోదు. ఆ కాపలావాడిని మన చేతనే బయటికి పంపిస్తారు. 2021లో ఎఫ్ఎం వాట్సాప్ అనే అలాంటి రూపంలో ట్రయాడా అనే ట్రోజన్, అంటే మంచి యాప్ ముసుగులో దూరే దొంగ ప్రోగ్రాము, ఉన్నట్టు క్యాస్పర్‌స్కీ అనే సైబర్ భద్రతా సంస్థ పరిశోధకులు బయటపెట్టారు. ఒక యాప్ వేసుకోవడానికి ముందు అసలుదాన్ని తీసేయమని ఎవరైనా చెబితే, అక్కడే ఆగిపోండి.

ఈ సంతకం పద్ధతి కూడా లోపం లేనిదేమీ కాదు. మొదటి తరం పద్ధతిలో మూటలోని ఒక్కొక్క ఫైలుకూ విడివిడిగా లెక్క చూసేవారు. మూట ముందుభాగంలో వేరే కోడును అతికించినా సంతకం చెక్కుచెదరనట్టే కనిపించే జానస్ అనే లోపం 2017లో బయటపడింది. ఆ ఏడాది డిసెంబరు భద్రతా అప్‌డేట్‌లో గూగుల్ దాన్ని సరిచేసింది. ఆండ్రాయిడ్ 7తో వచ్చిన రెండో పద్ధతి మొత్తం మూటకు కలిపి సంతకం చూస్తుంది కాబట్టి ఈ కిటుకు దానిమీద పనిచేయదు. ఏళ్ళ తరబడి భద్రతా అప్‌డేట్లు అందని పాత ఫోన్‌లో బయటి యాప్‌లు వేయవద్దని నేను చెప్పేది ఇందుకే.

దారి గురించి కూడా ఒక ముచ్చట ఉంది. 2018 ఆగస్టులో ఫోర్ట్‌నైట్ ఆట ఆండ్రాయిడ్‌కు వచ్చినప్పుడు, దాన్ని తయారుచేసిన ఎపిక్ గేమ్స్ సంస్థ ప్లే స్టోర్‌ను పక్కనపెట్టి తన వెబ్‌సైటు నుంచే ఇచ్చింది. మనం ముందు ఒక చిన్న ఇన్‌స్టాలర్ వేసుకుంటే అది అసలు ఆటను తెచ్చి పెడుతుంది. సైటు అసలుదే, ఇన్‌స్టాలర్ అసలుదే. అయినా ఆ ఇన్‌స్టాలర్ తాను దించిన ఫైలును ఇతర యాప్‌లకు కూడా అందుబాటులో ఉండే స్టోరేజీలో పెట్టేది. దించడానికీ వేయడానికీ మధ్య ఉన్న ఆ క్షణంలో, స్టోరేజీ అనుమతి ఉన్న మరో యాప్ ఆ ఫైలును తీసేసి తన ఫైలును అక్కడ పెట్టగలిగేది. కనిపెట్టింది గూగుల్ ఇంజనీర్లే. ఎపిక్ రెండు రోజుల్లోనే సరిచేసింది. లోపాన్ని బహిరంగంగా ఎప్పుడు చెప్పాలన్న దాని మీద రెండు కంపెనీలూ తరువాత వాదులాడుకున్నాయి. అది మనకు అనవసరం. మనకు కావలసింది, అసలైన చోటు నుంచి బయలుదేరిన మూట కూడా మన గుమ్మం ముందే మారిపోవచ్చునన్న విషయం.

ఇంత తలనొప్పి ఉన్నప్పుడు అసలు బయటికి ఎందుకు వెళ్ళాలి అని మీరు అడగవచ్చు. నాకైతే కారణం గోప్యత. ప్లే స్టోర్ వాడాలంటే గూగుల్ ఖాతా కావాలి. ఏ యాప్ ఎప్పుడు వేశారు, ఎప్పుడు తీసేశారు అన్న చరిత్ర ఆ ఖాతా కింద చేరుతుంది. ఒక మనిషి ఫోన్‌లో ఏ యాప్‌లు ఉన్నాయో చూస్తే ఆ మనిషికి మధుమేహం ఉందా, సంబంధాలు వెతుకుతున్నారా, ఏ దేవుణ్ణి కొలుస్తారు అన్నవి చాలావరకు ఊహించవచ్చు. పైగా చాలా ఉచిత యాప్‌ల లోపల ప్రకటనల కంపెనీలకు సమాచారం పంపే ట్రాకర్లు ఉంటాయి. ఎక్సోడస్ ప్రైవసీ అనే ఫ్రాన్స్ స్వచ్ఛంద సంస్థ యాప్‌లను పరీక్షించి, దేనిలో ఏ ట్రాకర్ కోడు ఉందో, అది ఏ అనుమతులు అడుగుతుందో తన సైటులో ప్రచురిస్తుంది. కోడు ఉన్నంత మాత్రాన అది ప్రతిసారీ పనిచేస్తుందని కాదు. అయినా ఒక టార్చిలైటు యాప్‌లో ప్రకటనల కోడు నాలుగు రకాలు కనిపిస్తే నాకు ఆపై వివరాలు అక్కరలేదు.

ఇక్కడ ఎఫ్-డ్రాయిడ్ గురించి కొంచెం నిదానంగా చెప్పాలి. 2010లో మొదలైన ఈ యాప్‌ల భాండాగారంలో సోర్సు కోడు, అంటే తయారీదారు రాసిన మూల కోడు, బహిరంగంగా ఉన్న యాప్‌లే ఉంటాయి. ఖాతా అడగదు, పేరు అడగదు. మన ఐపీ చిరునామా, అంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య, దాని సర్వరుకు కనిపిస్తుంది, అది ఏ వెబ్‌సైటుకైనా కనిపించేదే. సాధారణంగా తయారీదారు పంపిన ఏపీకేను అది అలాగే అందించదు. సోర్సు కోడును తీసుకుని తన దగ్గరే యాప్‌ను తిరిగి తయారుచేసి, తన సంతకంతో ఇస్తుంది. అంటే కోడులో ఒకటి చూపించి ఫైలులో మరొకటి పెట్టడం తయారీదారుకు కష్టం. ప్రకటనలున్నా, వాడుకను గమనించే కోడు ఉన్నా, కోడు బహిరంగంగా లేని సర్వరు మీద ఆధారపడినా ఆ సంగతిని యాప్ పేజీలోనే అవలక్షణంగా రాసిపెడుతుంది. సరుకు లోపాన్ని అంగడి ముందే రాసిపెట్టే వ్యాపారిని నేను బజారులో ఎక్కడా చూడలేదు.

విమర్శ కూడా వినండి. తన సంతకంతో ఇస్తుంది కాబట్టి, మనం తయారీదారుతో పాటు ఎఫ్-డ్రాయిడ్‌ను కూడా నమ్మవలసి వస్తుంది. తిరిగి తయారుచేయడానికి సమయం పడుతుంది కాబట్టి భద్రతా అప్‌డేట్ కొన్నిసార్లు రోజుల తరబడి ఆలస్యమవుతుంది. సంతకం వేరు కావడం వల్ల ప్లే స్టోర్‌లోంచి వేసిన యాప్‌ను ఎఫ్-డ్రాయిడ్ యాప్‌తో అప్‌డేట్ చేయలేము. తీసేసి, లోపలి సమాచారాన్ని పోగొట్టుకుని, మళ్ళీ వేసుకోవాలి. దీనికి విరుగుడుగా కొన్ని యాప్‌ల విషయంలో, ఎఫ్-డ్రాయిడ్ తయారుచేసినదీ తయారీదారు ఇచ్చినదీ అక్షరం తేడా లేకుండా ఉన్నాయని రుజువైతే తయారీదారు సంతకంతోనే ఇస్తున్నారు. నాకు అన్నిటికన్నా నచ్చిన ఏర్పాటు ఇది.

బాబాయికి నేను వేసిచ్చిన కీబోర్డు హెలిబోర్డు. అది ఎఫ్-డ్రాయిడ్‌లో దొరుకుతుంది, తెలుగు అక్షరాల అమరిక ఉంది. గోప్యత విషయంలో కీబోర్డు అంత జాగ్రత్తగా ఎంచుకోవలసిన యాప్ మరొకటి లేదు. మీరు టైపుచేసే ప్రతి మాటా, పాస్‌వర్డుతో సహా, దాని చేతుల మీదుగానే వెళుతుంది. ఈ హెలిబోర్డు ఇంటర్నెట్ అనుమతినే అడగదు. దానికి బయటికి వెళ్ళే ద్వారమే లేదు కాబట్టి అది నేర్చుకున్నది ఫోన్‌లోనే ఉండిపోతుంది. సాధారణ ఆండ్రాయిడ్‌లో ఇంటర్నెట్ అనుమతి అడిగిన యాప్‌కు మనల్ని అడగకుండానే ఇచ్చేస్తారు, కాదనే మీట ఎక్కడా ఉండదు. కాబట్టి అసలు అడగని యాప్‌ను ఎంచుకోవడమే దారి. బాబాయి వేసుకున్న చలానా యాప్ ఇంటర్నెట్‌నూ అడిగింది, మెసేజ్‌లనూ అడిగింది. రెండు హెచ్చరికలూ పైకి ఒకటే అయినా తేడా ఇక్కడ ఉంది.

కొందరు అరోరా స్టోర్ వాడతారు. అది గూగుల్ సర్వర్ల నుంచే, మన ఖాతా కాకుండా ఉమ్మడి అనామక ఖాతాతో యాప్‌లను దించుతుంది. సంతకం అసలుదే ఉంటుంది, మన పేరు మీద చరిత్ర చేరదు. కానీ యాప్ లోపలి ట్రాకర్లు ఉన్నవి ఉన్నట్టే వస్తాయి. ఈ తేడా మరిచిపోయి, గోప్యత వచ్చేసిందని మురిసిపోయేవాళ్ళను చూశాను. సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ వంటి కొన్నింటి తయారీదారులు తమ సైటులోనే ఏపీకేను, దానితో పాటు తమ సంతకం వేలిముద్రను, అంటే షా-256 పద్ధతిలో వచ్చే 64 అక్షరాల వరుసను, ప్రచురిస్తారు. దించిన ఫైలు వేలిముద్రను దానితో పోల్చుకోవచ్చు. కంప్యూటరు ఉన్నవారికి గూగుల్ ఇచ్చే ఏపీకే సైనర్ అనే సాధనం, ఫోన్‌లోనే చూడాలనుకునేవారికి యాప్ వెరిఫైయర్ అనే చిన్న యాప్ ఉన్నాయి. పోల్చేటప్పుడు మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు చూసి సరిపెట్టుకోకండి.

ఇక పేరు మోసిన బయటి స్టోర్లన్నీ ఒకటే అనుకోవద్దు. 2021 ఏప్రిల్‌లో ఏపీకే ప్యూర్ అనే స్టోరు యాప్‌లోనే, 3.17.18 వెర్షన్‌లో, ప్రకటనల కోడుతో కలిసి హానికరమైన కోడు వచ్చిందని తేలింది. అలాగని ప్లే స్టోర్‌లో ఉన్నదంతా గంగాజలం కాదు. అంతకు రెండేళ్ళ ముందు, 2019లో, కోట్లమంది వాడిన క్యామ్‌స్కానర్ యాప్‌లో ఇలాంటిదే దొరికి, గూగుల్ దాన్ని కొంతకాలం తొలగించింది.

అయితే ప్లే స్టోర్‌కు ఒక నిజమైన బలం ఉంది, అది న్యాయంగా చెప్పాలి. అది ఫైలును మాత్రమే కాదు, యాప్ ప్రవర్తనను కూడా నియమాలతో కట్టడి చేస్తుంది. మెసేజ్‌లు, కాల్ వివరాలు చదివే అనుమతిని 2019 నుంచి అది కొద్ది రకాల యాప్‌లకే పరిమితం చేసింది. మన రాష్ట్రాలకు ఇది పుస్తకాల్లో చదివిన విషయం కాదు. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులు ఎన్ని ప్రాణాలు తీశాయో మనకు తెలుసు; ఆ యాప్‌లకు ఆయుధం అప్పు పత్రం కాదు, ఫోన్‌లోంచి ఊడ్చుకుపోయిన కాంటాక్టుల జాబితా, ఫోటోలు. అప్పుడు వాటిలో చాలా యాప్‌లు ప్లే స్టోర్‌లోనే ఉండేవి. లోన్ యాప్‌లు కాంటాక్టులు, ఫోటోలు చూడకూడదని 2023లో గూగుల్ నియమం పెట్టింది. లింకు ద్వారా వచ్చే ఏపీకేకు ఆ నియమం వర్తించదు. బయటి నుంచి వేసుకున్నప్పుడు ఆ పరిశీలన మొత్తం మన నెత్తిన పడుతుంది. అప్పు ఇస్తానని ఏపీకే పంపేవాడి జోలికి ఏ జాగ్రత్తతోనూ వెళ్ళకండి.

ఫోన్‌లో చేయవలసిన పని నిజానికి కొంచెమే. 2017కు ముందు, తెలియని చోట్ల నుంచి యాప్‌లను ఫోన్ మొత్తానికి అనుమతించే ఒకే మీట ఉండేది. ఒకసారి తెరిస్తే అందరికీ తెరుచుకునేది. ఆండ్రాయిడ్ 8 నుంచి ఆ అనుమతి ఒక్కొక్క యాప్‌కు విడిగా ఇవ్వాలి. ఎఫ్-డ్రాయిడ్‌కు ఇవ్వండి, అవసరమైనప్పుడు బ్రౌజరుకు ఇచ్చి పని కాగానే తీసేయండి. వాట్సాప్‌కు, టెలిగ్రామ్‌కు ఎన్నడూ ఇవ్వకండి. పెళ్ళి పిలుపులు ఫోటోగానో పీడీఎఫ్‌గానో వస్తాయి. ఏపీకేగా వచ్చే పెళ్ళికి మీరు వెళ్ళకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. తరువాతది యాక్సెసిబిలిటీ అనుమతి. చూపు మందగించినవారికి సాయంగా పెట్టిన ఆ సౌకర్యం తెర మీద ఉన్నదంతా చదవగలదు, మన బదులు నొక్కగలదు కూడా. ఆండ్రాయిడ్ 13 నుంచి, ఫైలుగా వేసిన యాప్‌లకు అది సులభంగా దొరకకుండా అడ్డు పెట్టారు. ఆ అడ్డును ఎలా తొలగించాలో బొమ్మలతో నేర్పే యాప్ ఎదురైతే, దాని ఉద్దేశం ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఆండ్రాయిడ్ 15లో ప్రైవేట్ స్పేస్ అనే విడి గది కూడా వచ్చింది; పూర్తిగా నమ్మకం కుదరని యాప్‌ను అందులో పెడితే ప్రధాన గదిలోని ఫోటోలు, కాంటాక్టులు దానికి కనపడవు.

చివరగా ఒక మార్పు గురించి చెప్పాలి, దీని మీద నాకు రెండు మనసులు ఉన్నాయి. గూగుల్ సర్టిఫై చేసిన ఆండ్రాయిడ్ ఫోన్లలో, గుర్తింపు నమోదు చేసుకున్న తయారీదారుల యాప్‌లనే వేసుకోగలిగే ఏర్పాటు తెస్తామని 2025 ఆగస్టులో గూగుల్ ప్రకటించింది. మొదట బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్‌లలో 2026 సెప్టెంబరు నుంచి, మిగతా దేశాల్లో 2027 మొదలుకొని దశలవారీగా అన్నారు. ఇంటర్నెట్ నుంచి నేరుగా వేసుకునే చోట ప్లే స్టోర్ కంటే 50 రెట్లకు పైగా హానికర యాప్‌లు కనిపించాయని తమ లెక్క చెప్పారు. మా బాబాయి రాత్రి గుర్తుకువస్తే నాకు అది న్యాయమే అనిపిస్తుంది. కానీ పేరు చెప్పుకోలేని పరిస్థితిలో, ప్రభుత్వాలకు నచ్చని పనిముట్లు తయారుచేసేవాళ్ళు కూడా ఉన్నారు. వాడేవారి గోప్యత కోసం పనిచేసేవాళ్ళు తమ గుర్తింపు పత్రాన్ని ఒక కంపెనీ చేతిలో పెట్టవలసి వస్తుంది. తయారీదారులను నమోదు చేసుకోమని తాము బలవంతపెట్టలేమని, వారి యాప్‌ల పేర్లను తమ పేరున రాయించుకోలేమని, ఈ నియమం అమలైతే తమ పని ముగిసినట్టేనని ఎఫ్-డ్రాయిడ్ బహిరంగంగా చెప్పింది. ఆ తరువాత నవంబరులో, అపాయం తెలిసి వేసుకోదలచిన అనుభవజ్ఞులకు వేరే దారి ఉంచుతామని గూగుల్ కొంత మెత్తబడింది. ఆ దారి ఎంత ఇరుకుగా ఉంటుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. నా ఫోన్‌లో ఏది ఉండాలో నిర్ణయించే హక్కు నాకు ఉండాలి. ఆ హక్కును బాబాయి చేత మోసగాడు వాడించుకోకూడదు. ఈ రెండింటినీ కలిపి నిలబెట్టే పద్ధతిని నేను ఇంకా చూడలేదు.

ఎవరి ఫోన్‌లోనైనా అలాంటి యాప్ ఇప్పటికే దూరి ఉంటే, ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, వైఫై కూడా ఆగిందో లేదో చూడండి. వేరే ఫోన్ నుంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి, ఆ తరువాత బ్యాంకుకు చెప్పండి. మొదటి గంటలో చెప్పిన ఫిర్యాదుకూ మర్నాడు చెప్పిన ఫిర్యాదుకూ చాలా తేడా ఉంటుంది. బాబాయి సిగ్గుపడి తెల్లవారేదాకా ఎవరికీ చెప్పలేదు.

ప్రశ్నలకు పోయే ముందు అందరూ ఒకసారి ఫోన్లు తీయండి. సెట్టింగ్స్ తెరిచి, పైన వెతికే గడిలో తెలియని యాప్‌లు అని టైపుచేయండి; ఫోన్ ఇంగ్లీషులో ఉంటే అన్‌నోన్ యాప్స్ అని. ఒక జాబితా వస్తుంది. అందులో వాట్సాప్, టెలిగ్రామ్, ఫైల్ మేనేజర్, బ్రౌజర్ ఎదురుగా అనుమతి ఉన్నట్టు కనిపిస్తే ఇప్పుడే తీసేయండి. మీ పక్కన పెద్దవారు కూర్చుని ఉంటే వారికి చూపించి, వారి చేతనే తీయించండి. రెండు నిమిషాలు ఆగుతాను.